నానేఘాట్ వానాకాలం ట్రెక్: కొండకి ఐదు స్టార్లు, ప్యాకేజీకి మూడు

మూడు స్టార్లే ఎందుకిచ్చేనో చెప్పాలంటే కొంచెం పొడుగవుద్ది, ఓపికుంటే చదవండి. వైజాగ్ నుంచి ట్రెక్కులు తీసుకెళ్ళే గ్రూపులు ఇప్పుడు బోల్డన్ని వచ్చేయి కదా, అందులో ఒకదానితో మొన్న జులైలో మహారాష్ట్ర వెళ్ళి నానేఘాట్ ఎక్కొచ్చేం, నేనూ మా బావమరిదీను. గ్రూపు పేరు మాత్రం రాయను. కుర్రాళ్ళు మంచోళ్ళే, వాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు, పైగా నేను చెప్పబోయే తప్పులు వీళ్ళొక్కరే చేసేవి కూడా కాదు.

నేను పన్నుల శాఖలో ఉద్యోగిని. ఇది ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా ఒడిశా బోర్డర్ వైపు చెక్‌పోస్టులో చాలా నైట్ డ్యూటీలు చేసేను, లారీల క్యూ, తడిసిపోయిన వేబిల్లులు (సరుకు వెంట ఉండాల్సిన కాయితాలు), దోమలు, తెల్లారుజామున నాలుగింటికి టీ. కొండలెక్కే మనిషిని కాదు. కైలాసగిరి కూడా రోప్‌వే లోనే వెళ్తా. అలాంటోణ్ణి మా బావమరిది ఒకే ఒక్క మాటతో పడగొట్టేడు. "బావా, రెండు వేల ఏళ్ళ కిందటి చెక్‌పోస్టు చూపిస్తా, వస్తావేటి?" అన్నాడు. అంతే, మర్నాడే సెలవు పెట్టేసేను.

వాడు చెప్పింది నిజమే. నానేఘాట్ అంటే పడమటి కనుమల్లో జున్నర్ దగ్గరున్న ఒక కనుమ దారి. కింద కొంకణ్ వైపు కల్యాణ్, సోపారా రేవులు, పైన దక్కన్ పీఠభూమి మీద జున్నర్, ఇంకా లోపలికెళ్తే శాతవాహనుల రాజధాని పైఠాన్, అదే మన పుస్తకాల్లో ప్రతిష్ఠానపురం. రేవులో దిగిన సరుకు పైకెళ్ళాలన్నా, పై సరుకు ఓడ ఎక్కాలన్నా ఈ దారిలోనే ఎద్దుల మీదా గాడిదల మీదా పోయేది, ఇక్కడే సుంకం కట్టించుకునేవారట. నాణే అంటే మరాఠీలో కూడా నాణేలే, ఘాట్ అంటే కనుమ, నాణేల కనుమ అన్నమాట. ఇంకో కథ కూడా ఉంది, నానా, గుణా అని ఇద్దరు అన్నదమ్ములు పందెం వేసుకుని చెరో ఘాట్ కొట్టేరని, నానా గెలిచేడు కాబట్టి ఆయన పేరు వచ్చిందని అక్కడి ఊరోళ్ళు చెప్తారు. నాకైతే నాణేల కథే నచ్చింది, డిపార్ట్‌మెంట్ అభిమానం అనుకోండి.

ప్యాకేజీ మనిషికి 7,800. రాను పోను స్లీపర్ టికెట్, కల్యాణ్ నుంచి కొండ కిందికీ తిరిగి కల్యాణ్‌కీ టెంపో, శనివారం రాత్రి కొండ మీద ఘాట్‌ఘర్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో బస, రెండు టిఫిన్లు, రెండు భోజనాలు, ఆదివారం రాత్రి కల్యాణ్‌లో డార్మిటరీ, ఆదివారం పొద్దున్న పక్కనే ఉన్న జీవ్‌ధన్ కోట కూడా. ఈ కోట కోసమని ఎక్స్‌ట్రా 500 విడిగా తీసుకున్నారు, ఆ 500 సంగతి చివర్లో చెప్తా. గురువారం రాత్రి వైజాగ్‌లో ముంబై వెళ్ళే ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శుక్రవారం పగలంతా ట్రైన్లోనే, శనివారం ఇంకా తెల్లారకముందే కల్యాణ్‌లో దింపేస్తుంది. మొత్తం మూడు రోజులు సెలవు పోద్ది, అది లెక్కేసుకుని బుక్ చేసుకోండి.

మొదటి కంప్లైంట్ అక్కడే మొదలు. గ్రూపులో 15 మందికి మించరు అని రాసేరు, స్టేషన్లో చూస్తే 24 మంది. అడిగితే "సర్, లాస్ట్ మినిట్‌లో రిక్వెస్టులు వచ్చేయి సర్" అన్నాడు లీడరు. పాతికేళ్ళుంటాయి, నవ్వుమొహం, ఏమీ అనబుద్ధి కాదు. కానీ 24 మందిని వానలో, జారే రాళ్ళ మీద ఇద్దరు లీడర్లు చూసుకోవడం అంటే ఎంత కష్టమో మేం కొండ మీద కళ్ళారా చూసేం. మనలో ఉక్కునగరం నుంచి వచ్చిన రిటైర్డ్ పెద్దాయన ఒకాయన ఉన్నారు, 64 ఏళ్ళు, ఆయనే అందరికన్నా ముందు నడిచేరు, అది వేరే సంగతి. "సింహాచలం గిరి ప్రదక్షిణ ప్రతి ఏడూ చేస్తాను బాబూ, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, ఇదేపాటి" అన్నారు. నిజంగానే ఆయనకి ఇదొక లెక్కలోకి రాలేదు.

ట్రైన్లో ఒక గొడవ జరిగింది, దాన్ని గొడవ అనకూడదు గానీ, పగలంతా టైమ్‌పాస్ అయిపోయింది. గ్రూపు వాళ్ళు పోస్టరు మీద "మన తెలుగు రాజుల దారి" అని వేసేరు. సోలాపూర్ వెళ్ళే ఒక మరాఠీ ఆయన అది చూసి, అదేంటండీ శాతవాహనులు మా పైఠాన్ వాళ్ళు కదా అన్నాడు హిందీలో, ఇంక చూడండి మావాళ్ళు ఆగుతారా. పురాణాల్లో వాళ్ళని ఆంధ్రులు అని రాసేరు, అది నిజం. కానీ వాళ్ళు చెక్కించిన శాసనాల్లో ఎక్కడా మేం ఆంధ్రులం అని చెప్పుకోలేదు, మాట్లాడిందీ రాసిందీ ప్రాకృతం, లిపి బ్రాహ్మి, అదీ నిజమే. మన భీమిలి రోడ్డులో తొట్లకొండ మీద తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, వాటితో పాటు రోమన్ల వెండి నాణేలు దొరికేయని పెద్దాయన చెప్పేరు. అంటే ఆ నాణేలు అటు అరేబియా సముద్రం దగ్గర్నుంచి ఇటు మన బంగాళాఖాతం దాకా చెల్లేయన్నమాట, అప్పుడింక ఎవరి రాజులని తన్నుకోవడం దేనికి అన్నారాయన. మరాఠీ ఆయన వెంటనే మావాళ్ళందరికీ చివడా పంచేడు. మేం మాడుగుల హల్వా ఇచ్చేం. నాకు ఆ హల్వా డబ్బా మీద కొంచెం బెంగ ఉండింది, ఎందుకంటే కొండ మీదికి కూడా మిగలాలి కదా.

కల్యాణ్ నుంచి ముర్బాడ్ మీదుగా మాల్షేజ్ ఘాట్ వైపు వెళ్ళే రోడ్డు మీద వైశాఖరే అనే ఊరుంటుంది, అది దాటగానే రోడ్డు పక్కనే ట్రెక్ దారి మొదలు. టెంపో బానే ఉంది, డ్రైవరు జాగ్రత్తగానే నడిపేడు. దారిలో పోహా తినిపించేరు, వేడిగా ఉంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఇక వాన గురించి. మన వైజాగోళ్ళకి జులై వాన అంటే సాయంత్రం ఒక జల్లు పడి వెంటనే ఉక్కపోత. మన అసలు వాన అక్టోబర్లో వాయుగుండం వస్తేనే కదా. అక్కడ అలా కాదు. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి నేరుగా వచ్చి ఆ కొండ గోడకి గుద్దుకుని పైకి లేస్తుంది, పైకి లేచినప్పుడు చల్లబడి ఉన్న నీళ్ళన్నీ అక్కడే కుమ్మరించేస్తుంది. కాబట్టి వాన ఆగడం అనేది ఉండదు, తగ్గడం పెరగడమే. మా బావమరిది పూర్ణా మార్కెట్లో కొన్న కొత్త గొడుగు విప్పేడు, రెండో నిమిషంలో అది తామరాకులా వెనక్కి తిరిగిపోయింది. గొడుగులు తీసుకెళ్ళకండి. తలమీంచి కిందిదాకా కప్పే పోంచో ఒక్కటే పనికొస్తుంది, అది కూడా లోపల చెమటకి తడుస్తుంది, అంటే ఎలాగూ తడుస్తారు, చలి గాలి తగలకుండా ఉంటుందంతే.

మొదటి గంట అడవిలో నడక, వాగులు దాటుకుంటూ. ఇక్కడ మాత్రం లీడర్లకి ఫుల్ మార్కులు. ఒక వాగు మోకాలిపైకి పారుతుంది, చూడ్డానికి ఏం లేనట్టుంటుంది గానీ కాలు పెడితే లాగేస్తుంది. ఒకడు ముందు దాటి అవతల చెట్టుకి తాడు కట్టేడు, రెండోవాడు ఇవతల నీళ్ళలో నడుం దాకా నిలబడి ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టి పంపేడు, 24 మందీ దాటేసరికి ముప్పావు గంట. అంతసేపూ వాడు ఆ నీళ్ళల్లోనే ఉన్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అక్కడ ఆగకుండా రీలు తీద్దామన్న ఒక అమ్మాయిని గట్టిగా కసిరేడు కూడా, బాగా చేసేడు.

దారి పొడుగునా పీతలు. కొండ మీద పీతలేంటి అనుకున్నా నేను, కానీ నిజంగానే వానాకాలంలో ఆ రాళ్ళ సందుల్లోంచి మంచినీటి పీతలు బయటికొస్తాయి, కాఫీ రంగులో, రూపాయి బిళ్ళంత నుంచి అరచెయ్యంత దాకా. ఒకటి నా షూ ముందు కాళ్ళు ఎత్తి నిలబడింది, దారి ఇవ్వనంటే ఇవ్వను అన్నట్టు, వేబిల్లు చూపించమంటున్నట్టే ఉంది. మా బావమరిది "ఇగురు పెడితే ఎలా ఉంటాదో" అన్నాడు. వాడికి ఎక్కడికెళ్ళినా అదే ధ్యాస.

షూ అన్నాను కదా, ఆ షూ నాకు ద్రోహం చేసింది. జగదాంబ దగ్గర ఒక షాపులో ట్రెక్కింగ్ షూ అని చెప్పి 2,200కి అంటగట్టేరు, వాటర్‌ప్రూఫ్ అన్నారు, రెండో గంటలో కుడికాలి సోలు ముందు భాగం ఊడి మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. అడుగేస్తే ఫట్ ఫట్ అని చప్పుడు. లీడరు కుర్రాడు ఏమీ అనకుండా బ్యాగులోంచి ఎలక్ట్రీషియన్లు వాడే ప్లాస్టిక్ ట్యాగులు తీసి షూ చుట్టూ మూడు బిగించేడు, దాని మీద గుడ్డ టేపు చుట్టేడు. అదే షూతో పైకెక్కి మర్నాడు కిందికి కూడా దిగేను. మీరు వెళ్తే కొత్త షూ వేసుకెళ్ళకండి, నెల రోజులు బీచ్‌లో నడిచి, తడిపి ఆరబెట్టి, అప్పుడు తీసుకెళ్ళండి.

అడవి అయిపోయేక నిటారుగా ఎక్కుడు మొదలవుద్ది. రాళ్ళు పేర్చి కట్టిన దారి, ఒక్కోచోట కొండనే మెట్లుగా కొట్టేరు. ఆ మెట్ల మీద నీళ్ళు వాగులా దిగుతుంటాయి, మనం ఎదురు ఎక్కాలి. పాచి మీద కాదు, నీళ్ళు గట్టిగా పారే చోటే అడుగెయ్యండి అని లీడరు చెప్పేడు, ఎందుకంటే పారే చోట పాచి పట్టదు. ఈ ఒక్క ముక్క వినని ముగ్గురు జారిపడ్డారు, అందులో నేనూ ఉన్నా, నడుం ఇంకా పట్టేస్తోంది. కింద నుంచి పైకి నాలుగైదు కిలోమీటర్లే గానీ మాకు మూడున్నర గంటలు పట్టింది.

పైకి చేరబోతుండగా దారి రెండు కొండ గోడల మధ్య సందులా ఇరుకవుతుంది, అక్కడే పక్కన గుహ. నా మటుకు నేను ఆ గుహ కోసమే వెళ్ళేను. చిన్న గదంత, నలుచదరంగా తొలిచింది. లోపలికెళ్ళగానే వాన చప్పుడు ఒక్కసారి తగ్గిపోయి చెవులు గింగురుమంటాయి. కాస్త కళ్ళు అలవాటు పడ్డాక పక్క గోడల మీద అక్షరాలు కనిపిస్తాయి, వరసలు వరసలుగా, చెయ్యెత్తు దాకా. శాతకర్ణి రాజు భార్య నాగనిక రాణి వేయించిన శాసనం, క్రీస్తు పూర్వం నాటిది. వెనక గోడకి ఒకప్పుడు మనిషెత్తు బొమ్మలు ఎనిమిది ఉండేవట, రాజవంశం వాళ్ళవి, బొమ్మలు పోయేయి, పైన పేర్లు మిగిలేయి. సిముక శాతవాహనుడి పేరు ఉంది. రాణీ రాజూ పేర్లున్న చోట ముందు దేవి నాయనిక (నాగనికే) అని, ఆ తర్వాతే రాజు శ్రీ శాతకర్ణి అని ఉంటుంది. ఇది చెప్పగానే గ్రూపులో ఆడపిల్లలు చప్పట్లు కొట్టేరు.

అయితే నన్ను పట్టేసినవి అంకెలు. ఆ శాసనం చాలావరకూ యజ్ఞాల జాబితా, అశ్వమేధం, రాజసూయం వగైరా, ఏ యజ్ఞానికి ఎంత దక్షిణ ఇచ్చేరో లెక్కతో సహా. ఒక చోట 1,700 ఆవులు, 10 ఏనుగులు. ఇంకా గుర్రాలు, వెండి పాత్రలు, కార్షాపణాలనే నాణేలు. మనం రిజిస్టర్లో అక్షరాల్లో, అంకెల్లో రెండు విధాలా రాస్తాం చూడండి, అచ్చం అలా మాటల్లో రాసి పక్కన అంకె చెక్కేరు! అప్పటికి సున్నా వాడకం లేదు. పదికి వేరే గుర్తు, వందకి వేరే, వెయ్యికి వేరే, ఏడొందలంటే వంద గుర్తుకి ఏడు తగిలించడమే. అందులో 2, 4, 6, 7, 9 అంకెలు ఇప్పుడు మనం వాడేవాటికి ముత్తాతల్లాంటివని ఈ శాసనం చూసిన పండితులు అంటారు. 1828లో సైక్స్ అనే ఆంగ్లేయ అధికారి దీన్ని చూసి బయటి ప్రపంచానికి చెప్పేడు, భగవాన్‌లాల్ ఇంద్రజీ ఈ అంకెల మీద పని చేసేడు, 1883లో బ్యూలర్ అనే జర్మన్ పండితుడు శాసనం మొత్తం చదివి అచ్చు వేసేడు. ఇదంతా నేను వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని చదువుకెళ్ళింది. గ్రూపు వాళ్ళు చెప్పింది మాత్రం ఇంతే: "ఇది ఓల్డ్ కేవ్ గైస్, ఫిఫ్టీన్ మినిట్స్, ఫొటోలు తీసుకోండి."

పదిహేను నిమిషాలు! అదే నా కడుపుమంట. రెండు రాత్రులూ ఒక పగలూ ట్రైన్లో కూర్చోబెట్టి, వాగులు దాటించి, నడుం విరగ్గొట్టి తీసుకొచ్చింది దేనికి? పైగా ఆ పదిహేను నిమిషాల్లో కూడా గుహ నిండా జనం, మనవాళ్ళు కాక ముంబై నుంచి పూణే నుంచి వచ్చిన ఇంకో రెండు గ్రూపులు, వానకి అందరూ అందులోనే దూరేరు, తడి బ్యాగులు తీసుకెళ్ళి ఆ అక్షరాల గోడకే ఆనించేరు. ఒకబ్బాయి వీపు ఆనించి నిలబడి చిప్స్ తింటున్నాడు. బాబూ కొంచెం జరుగు అన్నాను, వాడు జరిగేక చూస్తే వాడి వీపు వెనకాల ఉన్నది నేను వెతుకుతున్న వరసే కావచ్చు, కాకపోవచ్చు, తీరిగ్గా పోల్చుకునే టైమే ఇవ్వలేదు. విజిల్ ఊదేసేరు. గ్రూపుకి ఒక్కడైనా చరిత్ర తెలిసిన మనిషిని పెట్టుకోండయ్యా, ఇంకో రెండొందలు తీసుకోండి, ఇస్తాం. ఆ అక్షరాల ఫొటో ఒకటి ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, కింద తెలుగులో అర్థం రాసి చేతికిస్తే చాలు, యాభై రూపాయల పని.

గుహ దాటి పైకెక్కితే మైదానం, ఆ ఒడ్డున రాతి గోళెం. పెద్ద బండని తొలిచి చేసిన గోళెం, మా అమ్మమ్మగారి ఊళ్ళో నూతి పక్కన కుడితి గోళెం ఉండేది, అంతకి రెండింతలుంటుందేమో. వెళ్ళేవాళ్ళు సుంకం నాణేలు అందులో వేసేవారని చెప్తారు. ఇప్పుడు నిండా వాన నీళ్ళు, అడుగున రెండు గుట్కా కవర్లు. నేను కాసేపు దాని అంచు మీద చెయ్యేసి నిలబడ్డా. రసీదు ఎవడు రాసేవాడో, రాత్రి డ్యూటీ ఎవడిదో, ఇలాంటి వానలో ఎద్దుల గుంపు వస్తే లెక్క పెట్టడానికి బయటికెళ్ళేవాడో లేక గుహలోంచే ఎన్నిరా అని కేకేసేవాడో. మా బావమరిది ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్‌లో పెట్టించేడు, "మన హెడ్డాఫీసు" అని. 46 మంది నవ్వు బొమ్మలు పెట్టేరు.

ఆ తర్వాత రెండు గంటలు, మళ్ళీ చెప్తున్నా, రెండు గంటలు, తలకిందుల జలపాతం దగ్గర. అందరూ రీళ్ళలో చూసే ఉంటారు, నీళ్ళు కిందికి పడకుండా పైకి ఎగురుతాయి. మాయేం కాదు, కింద కొంకణ్ నుంచి వచ్చే గాలి కొండ గోడకి కొట్టుకుని ఇరుకు సందులోంచి పైకి తన్నుకొస్తుంది, అంచు నుంచి దూకబోయిన నీటిని మళ్ళీ మన మొహం మీదికే విసిరేస్తుంది. గాలి తగ్గితే మామూలుగా కిందికే పడుతుంది. అద్భుతంగా ఉంది, కాదనను. హుద్‌హుద్ తుఫాను రోజు, అదే 2014 అక్టోబరు 12న, మా ఇంటి కిటికీ పట్టుకుని నిలబడ్డప్పుడు తగిలిన గాలి మళ్ళీ ఇక్కడే తగిలింది, ఈసారి భయం లేకుండా. నోరు తెరిస్తే మాట లోపలికే పోతుంది. పొగమంచు ఒక్క క్షణం విడిపోతే నానా బొటనవేలు అని పిలిచే రాతి కొమ్ము, దాని కింద ఎక్కడో అడుగున పచ్చగా కొంకణ్ పొలాలు, మళ్ళీ తెర మూసేస్తుంది.

కానీ రెండు గంటలు అవసరం లేదు. పైకి జున్నర్ వైపు నుంచి తారు రోడ్డు ఉంది, కార్లు నేరుగా అక్కడిదాకా వచ్చేస్తాయి, శనివారం జాతరలా ఉంది, మొక్కజొన్న పొత్తులు, మ్యాగీ, డీజే పాటలు. అంచుకి మరీ దగ్గరగా వెళ్ళి ఫోన్లు చాపుతున్నారు జనం. మన లీడర్లు అంచుకి పది అడుగుల దూరంలో తాడు పరిచి ఇది దాటొద్దన్నారు, ఒకడు దాటితే ఫోను లాక్కుని సాయంత్రం దాకా ఇవ్వలేదు. ఈ విషయంలో శభాష్. వానాకాలంలో జనం మరీ ఎక్కువైతే అక్కడి అధికారులు ఆంక్షలు పెడుతుంటారు కూడా, కాబట్టి సొంతంగా వెళ్ళేవాళ్ళు ముందు కనుక్కుని వెళ్ళండి. వీలైతే వీకెండ్ మానేసి మంగళవారమో బుధవారమో వెళ్ళండి.

ఘాట్‌ఘర్‌లో బస గురించి మంచీ చెడూ రెండూ. పెంకుటిల్లు, పెద్ద హాలు, 24 మందీ అందులోనే పరుపులేసుకుని పడుకోవాలి, ఆడవాళ్ళకి విడిగా ఒక గది ఇస్తామన్నారు, ఇచ్చేరు గానీ దానికి తలుపుకి గడియ లేదు, అమ్మాయిలు కుర్చీ అడ్డం పెట్టుకున్నారు. ఇది సర్దుకుపోయే విషయం కాదు, ఆ గ్రూపు వాళ్ళకి మొహం మీదే చెప్పేను. బాత్రూములు రెండే. దుప్పట్లు తడి వాసన. బట్టలు ఆరవు, ఆరతాయన్న ఆశ పెట్టుకోవద్దు, ఒక పొడి జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టి, పడుకునేటప్పుడు తప్ప తియ్యకండి.

తిండికి మాత్రం ఏ వంకా లేదు. ఆ ఇంటావిడని అందరూ మావశీ అంటున్నారు, అంటే పిన్ని. పొయ్యి దగ్గర కూర్చుని బియ్యప్పిండి భాకరీలు చేత్తో తట్టి, పెనం మీద ఒక వైపు నీళ్ళు రాసి తిప్పి, తర్వాత నిప్పుల మీద నిలబెట్టి పొంగించి మా కంచాల్లో విసిరేస్తుంటే పొగలు కక్కుతున్నాయి. పక్కన పిఠ్లా, మన శనగపిండి కూర లాంటిదే కానీ వెల్లుల్లి ఎక్కువ, పలచగా. ఠేచా అని పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ కాల్చి కచ్చాపచ్చాగా నూరింది వేసింది, ఇదేనేటి కారం అనుకుని పెద్ద ముద్ద పెట్టుకున్న మా బావమరిది తర్వాత పది నిమిషాలు మాట్లాడలేదు, ఆ పది నిమిషాలు ట్రిప్పంతటిలో నాకు బాగా నచ్చినవి. పెద్దాయన ఆవకాయ సీసా తీసేరు. నేను మిగిల్చిన మాడుగుల హల్వా ఆవిడకిచ్చేను. నోట్లో పెట్టుకుని ఏదో అంది, లీడరు హిందీలో చెప్పించుకుని మాకు చెప్పేడు, గోధుమ పాలతో చేసేరా అని అడుగుతోందట. ఒక్క ముక్కతో కనిపెట్టేసింది! ఆమెకిచ్చే డబ్బు మనిషికి ఎంతో గ్రూపు వాళ్ళు చెప్పరు, నేను విడిగా ఇచ్చి వచ్చేను, మీరూ ఇవ్వండి.

ఆదివారం జీవ్‌ధన్ క్యాన్సిల్. రాత్రంతా కుండపోత, కోటకి వెళ్ళే దారిలో నిటారు రాతి మెట్లు ఉన్నాయి, వెళ్ళొద్దని ఊరోళ్ళే అన్నారు. సరైన నిర్ణయం, కొంతమంది కుర్రాళ్ళు గొణిగేరు గానీ లీడరు వినలేదు. మధ్యాహ్నానికల్లా వచ్చిన దారినే దిగేం. దిగడమే కష్టం, మోకాళ్ళు వణుకుతాయి, కర్ర ఉంటే బతికిపోతారు, లేకపోతే నాలాగా చాలా చోట్ల కూర్చుని జారడమే. ఆ రాత్రి కల్యాణ్ డార్మిటరీలో పది గంటలు పడుకున్నా.

తిరుగు ట్రైన్లో పెద్దాయన ఒక మాటన్నారు. మన దగ్గరా ఇలాంటి దారులున్నాయి బాబూ, సాలూరు ఘాట్ మీంచి బంజారాలు ఎద్దుల మీద మన సముద్రం ఉప్పు జయపురం, బస్తర్ దాకా మోసుకెళ్ళేవారు, ఆ దారి మీద ఒక్క ట్రెక్కూ పెట్టరేం అని లీడర్ని అడిగేరు. వాడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నిజంగా పెడితే నేను మొదటి టికెట్ కొంటా, ఎందుకంటే ఆ దారిలో కూడా ఎక్కడో ఒకచోట మా డిపార్ట్‌మెంట్ వాడు కూర్చునే ఉంటాడు.

ఎవరు వెళ్ళొచ్చు అంటే, మూడు గంటలు మెట్లెక్కగలిగిన ఎవరైనా వెళ్ళొచ్చు, పదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం వానాకాలంలో వద్దు. శాసనం తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళు వాన తగ్గాక, అక్టోబరు చివర్లో వెళ్తే వెలుతురూ బావుంటుంది, గుహా ఖాళీగా ఉంటుంది, జలపాతం మాత్రం అప్పుడు ఉండదు. నేను ఈ రెండోసారి గ్రూపు లేకుండా వెళ్తాననుకుంటున్నా, బావమరిది కూడా వస్తానంటున్నాడు, ఆ ఠేచా మీద కసి తీర్చుకోవాలట.

జీవ్‌ధన్ 500 తిరిగిచ్చేస్తామని కల్యాణ్ ప్లాట్‌ఫాం మీద అందరి ముందూ చెప్పేరు, ఇవాళ్టికి పందొమ్మిది రోజులు, రెండుసార్లు గుర్తుచేసేను, "ప్రాసెస్‌లో ఉంది సర్" అంటున్నారు. ఆ మాట ఆఫీసులో రోజూ మేమే జనానికి చెప్తుంటాం కాబట్టి దానర్థం నాకు బాగా తెలుసు. డబ్బులు వచ్చిన రోజు ఇంకో స్టార్ కలుపుతా.